రేడియో కింద కంబళి

కొత్త రబ్బరు వాసన నాకు పడదు. కొత్త చెప్పులు గానీ, సైకిలు ట్యూబు గానీ, ఆసుపత్రి మంచం మీద పరిచే పట్టా గానీ, ఆ వాసన ముక్కుకు తగిలిందంటే కణతలు లాగడం మొదలవుతుంది. మొన్న ఆదివారం పొద్దున మా తమ్ముడి కొడుకు కిరణ్ హాల్లో కూచుని అట్టపెట్టెలు విప్పుతుంటే ఇల్లంతా అదే వాసన. రెండు స్పీకరు పెట్టెలు తెప్పించుకున్నాడు. వాటిని గోడవారగా ఉన్న టేకు బల్ల మీద పెట్టేముందు, ఒక్కోదాని కింద నాలుగేసి నల్లటి రబ్బరు బిళ్ళలు, వడల్లా గుండ్రంగా మెత్తగా ఉన్నవి, కొలత చూసి మరీ అమర్చాడు. వాడు అంత శ్రద్ధగా ఇంకే పనీ చేయగా నేను చూడలేదు.

"స్పీకరు అదురు బల్లకి పాకకూడదు అత్తా. పాకిందంటే బల్ల కూడా దాని పాట అది పాడతది. అప్పుడు అసలు పాట చెడిపోతది" అన్నాడు. పాట పెట్టి, నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి బల్ల మీద ఆనించాడు. "చూడు, ఏమన్నా తెలుస్తాందా?" ఇల్లు నిండిపోయేంత పాట. నా అరచేతి కింద బల్ల మాత్రం చలనం లేకుండా ఉంది. వాడు మెచ్చుకోలు కోసం నా ముఖంలోకి చూస్తున్నాడు. బాగుందిరా అన్నాను. నా గదిలోకి పోయి పడుకున్నాను. ఈ మధ్య నాకు ఎవరి మీదా కోపం రావడం లేదు, దేనికీ పెద్దగా సంతోషమూ లేదు. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి మిగుల్చుకున్నది అలసటే. కానీ ఆ రోజు పడుకున్నా కన్ను మూతపడలేదు. చెయ్యి మాత్రం మా పుట్టినూరు మార్కాపురం వెళ్ళిపోయింది.

అప్పటికి మాది ఇంకా కర్నూలు జిల్లా. రాష్ట్రం ఏర్పడి కొన్నేళ్ళే అయింది. మా వీధికి కరెంటు స్తంభాలు అప్పుడప్పుడే వచ్చి, మా ఇంట్లోనూ ఒక బల్బు వెలిగింది. వీధంతా పలకరాయి. ఇళ్ళ గోడలు పనికిరాని రాతి ముక్కలతో కట్టినవే, గడప రాయే, నీళ్ళు పోసుకునే బండ రాయే, మేము తొక్కుడుబిళ్ళ ఆడుకునే బిళ్ళ కూడా రాయే, దాని అంచు అరికాలికి కోసుకుంటే నెత్తుటి మీద అద్దుకునేదీ ఆ రాతి పొడే. ఎండాకాలం పొద్దున్నే ఆరుబయట ఆరేసిన బట్టలు సాయంత్రానికి బూడిదరంగు తిరిగేవి. తొలకరి నాలుగు చినుకులు పడగానే ప్రపంచమంతా మట్టివాసన వస్తుందని పుస్తకాల్లో రాస్తారు గానీ, మా వీధిలో వచ్చేది తడిసిన పలక వాసన, బడిలో ఉమ్మితో తుడిచిన పలకకు ఉంటుందే, అది. దసరా దాటితే నల్లమల నుంచి గంపలకొద్దీ సీతాఫలాలు దిగేవి. వాటిని గడ్డిలో మాగేసి, కన్ను విప్పినవి ఏవో రోజూ నొక్కి చూసి, నొక్కి నొక్కి సగం మేమే పాడుచేసేవాళ్ళం. ఆ వెంటనే పచ్చి చెనిక్కాయలు. కుండలో ఉప్పేసి ఉడికిస్తే ఆవిరితో పాటు వచ్చే ఆ మట్టి కమ్మదనం, పక్కనే పెనం మీద అమ్మ తట్టే సజ్జ రొట్టె, దానికి నూరిన ఎండుమిరపకాయల కారం. క్రిస్మసుకు మా ఏసు గుడి దగ్గర వెదురుబద్దలతో కట్టిన కాగితం నక్షత్రం, ఇంట్లో బెల్లం పాకం, వేలు కాలినా వదలని మేము. ఇంత తిన్నామా అనిపిస్తుంది ఇప్పుడు, రెండు ఇడ్లీలు తింటే ఆయాసం వస్తున్న ఈ రోజుల్లో.

నాయన పేరు ఏసోబు. పలకల కార్ఖానాలో పని. గనిలో నుంచి వచ్చిన రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చేవాళ్ళు కొందరు, మిషను మీద కోసేవాళ్ళు కొందరు, చెక్క చట్రాలు బిగించేవాళ్ళు కొందరు. నాయన పని వీటన్నిటికీ నడుమ. కోత మిషనుకు నాలుగడుగుల దూరంలో గోనెపట్టా మీద కూచుని, కోసిన ప్రతి రాతినీ ఎడమచేతి వేళ్ళ మీద తేలిగ్గా నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టేవాడు. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల కంటికి కనపడని పగులుంటే బొద్దుగా, గొంతు పూడినట్టు పలుకుతుంది. ఖంగుమన్నది కుడిపక్కకు, బొద్దుది ఎడమపక్కకు. అంతే పని. కానీ ఆయన మంచిదని పక్కన పెట్టిన పలక ఏ ఊళ్ళో ఏ పిల్ల చేతిలోనూ పగిలి తిరిగి రాలేదని సావుకారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. వీధిలో కూడా ఏసోబు చెవికి పేరు. పెళ్ళికి కొత్త కుండ కొన్నా, ఇత్తడి బిందె కొన్నా, ఒకసారి కొట్టి చూడన్నా అని మా ఇంటికి తెచ్చేవాళ్ళు. ఆయన ఆ బిందెను ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క దెబ్బ కొట్టి, తల ఊపేవాడు. మాకు అది చూడడం సరదా.

ఇంట్లో మాత్రం నాయనతో వేగడం కష్టం. మూడుసార్లు పిలిస్తే గానీ పలకడు. పలికినా ఊరంతా వినిపించేటట్టు పలుకుతాడు. అమ్మ ఆయనతో ఏదైనా చెప్పాలంటే ముందు భుజం మీద తట్టి అప్పుడు చెప్పేది. మగవాళ్ళు పనిచేసి వస్తే పరధ్యానంగానే ఉంటారని నేనూ తమ్ముడూ అనుకునేవాళ్ళం. నాయన వెనక నిలబడి "నాయనా, నాయనా, నాయనా" అని లెక్కపెట్టుకుంటూ పిలవడం మాకొక ఆట. ఎన్నో పిలుపుకు తిరుగుతాడో పందెం కట్టి, గెలిచినవాళ్ళం రెండోవాళ్ళ వాటా చెనిక్కాయలు లాక్కునేవాళ్ళం. ఆ ఆట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాయనకు ఒక్కతే చెల్లెలు, మా రూతమ్మత్త. వాళ్ళ అమ్మానాయనా కలరాతో ఒక్క వారంలోనే పోతే, పదిహేనేళ్ళ మా నాయన ఆరేళ్ళ చెల్లెల్ని చంకనేసుకుని కొనకనమిట్ల వైపు పల్లె నుంచి మార్కాపురం నడిచి వచ్చాడట. ఆమెను కార్ఖానా గడప తొక్కనివ్వలేదు. బడికి పంపాడు. ఆ తర్వాత దూరంగా టీచరు ట్రైనింగుకు కూడా పంపాడు. అత్త సెలవులకు వస్తే ఇల్లు మారిపోయేది. రోకలి పట్టినా, విసుర్రాయి ముందు కూచున్నా పాటే. వాళ్ళ అమ్మ చేలల్లో పాడిన పాట ఒకటి ఉండేది. కలుపు తీసే చెల్లెలు గట్టు అవతలి అన్నను నీళ్ళు తెమ్మని పిలిచే పాట. ప్రతి చరణం చివర "అన్నా" అన్న చోట అత్త గొంతు పైకి లేచి, లేచి, అక్కడే కాసేపు నిలబడేది. పొయ్యి దగ్గర అమ్మ చేతిలో గరిటె కూడా ఆగిపోయేది. నాయన గడప మీద కూచుని నేల చూస్తూ ఉండేవాడు.

ఒక చలికాలం అత్త నుంచి కార్డు వచ్చింది. రేడియో వాళ్ళు తమ ట్రైనింగు స్కూలుకు వచ్చి ఆడపిల్లల చేత పల్లెపాటలు పాడించి పట్టుకుపోయారనీ, తనచేత అమ్మ పాట పాడించారనీ, ఫలానా ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళ కార్యక్రమంలో వస్తుందనీ, అన్న తప్పకుండా వినాలనీ రాసింది. నేను ఆ కార్డు చదివి వినిపించాను. నాయన సరిగ్గా వినలేదేమో, మళ్ళీ చదవమన్నాడు. అదీ చాలక నా చేతిలోంచి తీసుకుని అక్షరాల మీద వేలు పెట్టి తనే కూడబలుక్కున్నాడు. మర్నాడు కార్ఖానాకు పోయి సావుకారుని జీవితంలో మొదటిసారి ఒకటి అడిగాడు. సావుకారు ఇంట్లో కొత్త రేడియో వచ్చాక పాతది గిడ్డంగిలో దుమ్ము కొట్టుకుని ఉంది. ఆయన తీసుకుపో అన్నాడు. నాయన దాన్ని పలకల పెట్టెల్లో వేసే వరిగడ్డి మీద పెట్టుకుని, తలమీద మోసుకుని, వీధి వీధంతా చూస్తుండగా ఇంటికి తెచ్చాడు.

ఇక దాన్ని ఎక్కడ పెట్టాలి? చెక్క బల్లలు మా వీధిలో ఎవరికీ లేవు. ఇంకో ఊళ్ళో అయితే గూట్లో పెట్టేవాళ్ళేమో, ఏ పెట్టె మీదో పెట్టేవాళ్ళేమో. నాయన మాత్రం రాతి మనిషి. చెల్లెలి గొంతు వచ్చే పెట్టెకు కార్ఖానాలోకెల్లా మంచి రాయి కావాలన్నాడు. గనిలో పెద్ద రాయి చీల్చిన రోజున మూడడుగుల పొడవు, వేలెడు మందం కూడా లేని ఒక పలకబండను ఏరి, దాన్ని తాడుతో వేలాడదీసి కొట్టి చూపించాడట. గుడి గంటకు పోటీ వచ్చిందని కార్ఖానా వాళ్ళంతా అన్నారు. గోడకు రెండు తుమ్మ గుంజలు దిగ్గొట్టి, నడుము ఎత్తున ఆ బండను వాటిమీద ఆనించి, దానిమీద రేడియో పెట్టాడు. మేము పెదవి కరుచుకుని చూస్తున్నాం. బిరడా తిప్పాడు. లైటు వెలిగింది, కాసేపటికి పెట్టె వేడెక్కి లోపలి దుమ్ము వాసన వచ్చింది, ఆ తర్వాత మాట వచ్చింది, మాటతో పాటు గరగర కూడా.

అది మామూలు గరగర కాదు. లోపల మగమనిషి లావు గొంతుతో వార్తలు చదువుతుంటే, ఆ బండ ప్రతి మాటకూ జవాబు చెబుతున్నట్టు గుయ్యిమని మోగేది. తబలా దెబ్బ పడిందంటే బండ చివర గుంజ మీద టకటక కొట్టుకునేది. పాట వస్తే మరీ అన్యాయం. పాడేవాళ్ళు ఒకరు, మూలిగేవాళ్ళు ఒకరు. మంచి రాయి అని ఏరి తెచ్చిందే మా కొంప ముంచింది. కొడితే ఖంగుమనే రాయి, పక్కన పాట వస్తే ఊరుకుంటుందా? చుట్టుపక్కలవాళ్ళు వచ్చి చెవులు మూసుకున్నారు. నేను ధైర్యం చేసి అన్నాను: "నాయనా, రాయి గరగరమంటాంది."

"గరగర యాడుంది?" అన్నాడు నాయన.

"ఉంది నాయనా, పాటంతా గరగరే."

"రాయి మంచిది. మీ చెవులే మంచియి కావు" అని కోప్పడ్డాడు. ఏసోబు చెవికి ఎదురు చెప్పేదెవరు?

రోజూ కార్ఖానా నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, ఆ బండ పక్కన ముక్కాలి పీట వేసుకుని కూచునేవాడు. అరచెయ్యి బండ మీద పరిచేవాడు. కళ్ళు మూసుకునేవాడు. రైతుల కార్యక్రమం, మార్కెట్టు ధరలు, హరికథ, ఏది వచ్చినా సరే, అట్లాగే కూచుని అప్పుడప్పుడు తల ఊపేవాడు. తను ఏరిన రాయి కదా, మురిపెంగా నిమురుతున్నాడని మేము అనుకున్నాం. అమ్మ కూడా నవ్వేది.

ఆదివారం దగ్గర పడేకొద్దీ నాకు దిగులు పట్టుకుంది. అత్త పాట ఒక్కసారే వస్తుంది. ఇప్పట్లాగా మళ్ళీ పెట్టుకుని వినేది కాదు. వచ్చిందంటే గాలిలో పోయినట్టే. ఆ "అన్నా" అన్న చోట ఈ రాయి గుయ్యిమంటే ఏముంది ఇక? నాయన కార్ఖానాకు పోగానే నేనూ అమ్మా మా తంటాలు పడ్డాం. బండ మీదున్న గిన్నెలన్నీ తీసేశాం. గుంజలకు గుడ్డపీలికలు చుట్టాం. గోడకూ బండకూ మధ్య బంకమట్టి మెత్తాం, అది ఎండి రాలిపోయింది. కొంత తగ్గింది, పోలేదు. పనికిరాని బొద్దు రాయి ఒకటి తెచ్చి మార్చుదామంటే నాయన చూస్తే ఊరుకోడు.

దారి చూపింది ఓబులయ్య తాత. మా ఇంటి వెనక దొడ్డిలో ఆయన గొర్రెలమంద. నీళ్ళ దోషమో ఏమో, ఆ వైపు చాలామందికి ఉన్నట్టే ఆయనకూ మోకాళ్ళు వంకరపోయి, కర్ర లేకుండా లేవలేడు. మంద ముందు నడిచే పొట్టేలు మెడలో కంచుగంట ఒకటి ఉండేది. ఏ వీధిలో అయినా పీనుగ లేవకుండా ఉందంటే, ఆ వీధిలోంచి మంద తోలేముందు తాత ఆ పొట్టేలును పట్టుకుని గంటలో పిడికెడు ఉన్ని కుక్కేవాడు. ఏడుస్తున్న ఇంటిముందు గంట మోగించుకుంటూ పోకూడదని ఆయన పట్టింపు. నా గోడు విని తాత పెద్దగా ఆలోచించలేదు. "మోగేదానికి ఉన్ని తగిలిస్తే మూగబోతది మనవరాలా. ఆ పెట్టె కింద కంబళి పరిచి చూడు" అని, తన భుజం మీది పాత కంబళి తీసి ఇచ్చాడు. అది గొర్రెల వాసన, పొగ వాసన, వానలో తడిసి ఆరిన వాసన అన్నీ కలిసి వేసేది.

ఆ ఆదివారం నాయన గుడికి పోయి అటునుంచి అటే కార్ఖానా గుమాస్తాను పిలుచుకుని రావడానికి వెళ్ళాడు. సావుకారు ఇచ్చిన రేడియో కాబట్టి ఆయన మనిషిని కూచోబెట్టి వినిపించాలని నాయన ఆశ. మేము ఆలస్యం చేయలేదు. అమ్మ రేడియోను ఎత్తి పట్టుకుంది, నేను కంబళిని నాలుగు మడతలు పెట్టి బండ మీద పరిచాను, అమ్మ పెట్టెను దానిమీద దించింది. కంబళి కనపడకుండా తన పెళ్ళినాటి పూల గుడ్డ కప్పింది. బిరడా తిప్పాం. నేను అమ్మ ముఖం చూశాను, అమ్మ నా ముఖం చూసింది. గరగర లేదు. మనిషి గొంతు మనిషి గొంతులాగా, వీణ వీణలాగా వస్తోంది. బండ మీద వేలు పెట్టి చూశాను. చల్లగా, కదలకుండా పడుంది. నేను ఆ రోజు గెంతిన గెంతు మళ్ళీ ఎప్పుడూ గెంతలేదు. మా ఇంటాయన పోయాక కాదు, అంతకు చాలా ముందు నుంచే గెంతడం మానేశాననుకోండి.

మధ్యాహ్నానికి ఇల్లంతా జనం. గుమాస్తాకు మంచం వాల్చారు. ఓబులయ్య తాత గడప మీద కూచున్నాడు. నాయన ఉతికిన పంచె కట్టుకుని, తలకు నూనె రాసుకుని, తన ముక్కాలి పీట మీద బండ పక్కన కూచుని అరచెయ్యి దానిమీద పరిచాడు. నేను ఆయన మోకాలిని ఆనుకుని నేల మీద కూచున్నాను. రేడియోలో అమ్మాయి అత్త పేరు చెప్పింది, ఊరు పేరు చెప్పింది. అందరూ ఒక్కసారి నాయన వైపు చూసి నవ్వారు. వాళ్ళు నవ్వారు కాబట్టి నాయన కూడా నవ్వాడు. పాట మొదలైంది.

అత్త మా నట్టింట్లో నిలబడి పాడుతున్నట్టే ఉంది. ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. మొదటి చరణం చివర "అన్నా" అని గొంతు లేచినప్పుడు అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమాస్తా ఆహా అన్నాడు. నేను గర్వంగా నాయన వైపు చూశాను. ఆయన చెయ్యి బండ మీద కదులుతోంది. అరచెయ్యి ఎత్తి కొంచెం అవతల పెట్టాడు. మళ్ళీ ఎత్తి ఇంకోచోట పెట్టాడు. వేళ్ళకొసలు ఆనించి గట్టిగా నొక్కాడు. రెండో చరణం కూడా అయిపోయింది. అప్పుడు నాయన నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడగాలని తన గొంతును ఎంత తగ్గించుకోగలడో అంత తగ్గించుకుని అడిగాడు.

"మీ అత్త పాట ఎప్పుడొస్తది పాపా?"

నాకు పదేళ్ళు. అయినా ఆ క్షణంలో అన్నీ అర్థమయ్యాయి. మూడుసార్లు పిలవడం, భుజం తట్టడం, గరగర యాడుంది అనడం, ఆ బిందెలు ఒళ్ళో పెట్టుకోవడం. మిషను పక్కన ఏళ్ళకేళ్ళు కూచుని నాయన చెవులు ఎప్పుడో పోయాయి. ఆయన రాళ్ళను వేళ్ళతో వింటున్నాడు. ఈ రేడియోను కూడా ఆ రాతిలోంచే వింటున్నాడు. ఆ దారిని నేనే కంబళి వేసి మూసేశాను. ఎదురుగా గుమాస్తా కూచున్నాడు. చెవులు లేని మనిషని తెలిస్తే కార్ఖానాలో ఆ పని ఉండదు. పెట్టె మీదనే చెయ్యి వేసి చూడు నాయనా అని చెప్పడానికి లేదు, చెప్పాలంటే అరవాలి.

నేను లేచి రేడియోను కరుచుకున్నాను. అది కదల్లేదు. అమ్మ పరుగున వచ్చింది, కొట్టడానికే వచ్చింది. కానీ నా ముఖం చూసి, నాయన చెయ్యి చూసి, ఒక్క మాట అడగకుండా పెట్టెను రెండు చేతులా పైకెత్తింది. నేను కంబళి లాగేశాను. పెట్టె బండ మీద పడింది, బండ గుయ్యిమంది. ఇల్లంతా ఒక్కసారి అరిచింది. "ఏంది ఈ పాపకు పుట్టిన బుద్ధి! శుభ్రంగా పాడతాంటే!" అన్నాడు గుమాస్తా. ఓబులయ్య తాత కర్రతో నేలను కొట్టాడు. గరగరలో అత్త మాటలు ఒక్కటీ తెలియడం లేదు. ఆఖరి చరణం నడుస్తోంది. నాయన అరచెయ్యి బండ మీద ఆగిపోయింది. "అన్నా" అని గొంతు లేచింది, బండ చివర టకటకలాడింది, లేచిన గొంతు అక్కడే నిలబడింది. నాయన కళ్ళు మూసుకున్నాడు. పాట అయిపోయాక కూడా, ఆ తర్వాత ఎవరో వంకాయ పచ్చడి ఎట్లా చేయాలో చెబుతున్నప్పుడు కూడా, ఆ చెయ్యి తీయలేదు.

"బాగా పాడింది మా చెల్లెలు" అన్నాడు చివరికి, ఊరంతా వినేటట్టు.

ఆ రోజు నేను తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. ఏసోబు కూతురు పాట పాడుచేసిందని చాన్నాళ్ళు వీధిలో చెప్పుకున్నారు. సంక్రాంతి సెలవులకు వచ్చిన అత్త చెవిన కూడా పడింది. ఆమె ఆ వారమంతా నాకు జడ వేయలేదు. పాట వచ్చిన మర్నాడు పొద్దున రొట్టె తడుతూ అమ్మ చెప్పింది: "నాకు ముందే తెలుసు పాపా. శుభ్రంగా వినపడితే ఆయనకీ వినపడతదనుకుంటి. ఆయన రాతిలో వింటాడని నాకేం తెలుసు. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పొద్దు." చెప్పలేదు. నాయన ఆ కార్ఖానాలో ఇంకా పదకొండేళ్ళు రాళ్ళు ఏరాడు. ఒక్క పలక కూడా పగిలి తిరిగి రాలేదు. నాకు పెళ్ళయి కనిగిరి పోయేటప్పుడు బస్సు దగ్గర నా తల మీద పెట్టిన ఆ అరచెయ్యి బరువు నాకు గుర్తుంది. నేను ఏడుస్తూ ఏదో అన్నాను. ఆయన తల ఊపాడు. విన్నాడో లేదో తెలియదు.

ఇప్పుడు ఎవరున్నారు? నాయన లేడు, అమ్మ లేదు, అత్త కూడా పోయి ఆరేళ్ళు. ఆమె పాట రేడియో వాళ్ళ దగ్గర ఉందేమోనని ఒకసారి కిరణ్ చేత వాకబు చేయించాను. లేదన్నారు. ఆ పాట పాడేవాళ్ళు కూడా ఎక్కడా తగల్లేదు. పలకల మీద రాసే పిల్లలు తగ్గిపోయారు, మా వీధిలో కార్ఖానా షెడ్డు ఉన్నచోట ఎవరిదో కల్యాణమండపం. ఆ పెద్ద బండను మా తమ్ముడు ఇల్లు పడగొట్టి కొత్తది కట్టినప్పుడు స్నానాలగదిలో వేయించాడు. దానిమీద ఇప్పుడు సబ్బునీళ్ళు పారుతున్నాయి.

మొన్నటి ఆదివారం సాయంత్రం నేను పడకగదిలోంచి లేచి వచ్చి, ఆ రబ్బరు బిళ్ళలు తీసెయ్యమని కిరణ్‌ని అడిగాను. "తీస్తే బల్ల గరగరమంటది అత్తా" అన్నాడు.

"అననీరా. కాసేపు."

వాడు ముసలివాళ్ళ చాదస్తం అనుకుని, విసుక్కోకుండా తీశాడు. ఎవరో అమ్మాయి పాడుతున్న పాట ఏదో పెట్టాడు. నేను కుర్చీ లాక్కుని, బల్ల మీద అరచెయ్యి పరిచి, వాడు నవ్వుతున్నా సరే, రెండో చేత్తో ఒక చెవి, భుజంతో ఒక చెవి మూసుకుని కూచున్నాను. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత అరచేతి మధ్యలో సన్నగా, చీమ నడిచినట్టు, ఆ పిల్ల గొంతు ఎక్కడ లేస్తోందో, ఎక్కడ నిలబడుతోందో తెలియడం మొదలైంది. పాట మొత్తం అట్లాగే కూచున్నాను. నాయనకు నావల్ల దక్కకుండా పోయిన రెండు చరణాలు ఎంత ఉంటాయో ఈ వయసుకు తెలిసింది. చాలా ఉంటాయి.